ఎదుగుదల, ఉపాధి, సంక్షేమం: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు గ్రూప్స్‌కి చదివే పిల్లలకు ఎకానమీ చెప్తుంటాను. క్లాసులో వచ్చే డౌట్లు ఒక రకం. వాళ్ల అమ్మానాన్నలు, ఆటో నడిపే అన్నలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు అడిగేవి ఇంకో రకం. తిప్పి తిప్పి చూస్తే అందరి బాధా ఒకటే, రాష్ట్రం ఇంత పెరుగుతోంది అంటున్నారు, అది మా ఇంటి దాకా ఎందుకు రావట్లేదు అని. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు, మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎదుగుదల ఎంత శాతం అన్న అంకె ఒక్కదాన్ని పట్టుకుంటే ఏమీ తేలదు. ఏ రంగం పెరిగింది, అందులో ఎంతమందికి పని దొరికింది, వచ్చిన డబ్బులో జీతాలకు ఎంత పోయింది, పన్నుగా ఎంత వచ్చి బడికి, దవాఖానాకి చేరింది, ఇవి అడగాలి.

## పేపర్‌లో అంకెలు చూసినప్పుడు

తలసరి ఆదాయం 3.79 లక్షలు అని వేశారు. మా ఇంట్లో నలుగురం. మరి ఏడాదికి 15 లక్షలు రావాలి కదా, అవి ఎక్కడున్నాయి సార్?

తలసరి ఆదాయం అంటే ఎవరి జీతమూ కాదు. రాష్ట్రంలో ఏడాది పొడవునా పుట్టిన ఆదాయాన్నంతా జనాభాతో భాగిస్తే వచ్చే అంకె. 2024-25కి తెలంగాణ అంచనా 3,79,751 రూపాయలు. ఇందులో జీతాలు, కూలీతో పాటు కంపెనీల లాభాలు, అద్దెలు, వడ్డీలు అన్నీ కలిసి ఉంటాయి. మాదాపూర్‌లో ఒక కంపెనీకి లాభం వస్తే, దాని వాటాదారులు ముంబయిలో ఉన్నా అమెరికాలో ఉన్నా సరే, ఆదాయం ఇక్కడ పుట్టింది కాబట్టి మన లెక్కలోనే పడుతుంది.

రెండోది, సగటుతో వచ్చే చిక్కు. పదిమందిలో ఒకరికి నెలకు 10 లక్షలు, మిగతా తొమ్మిదిమందికి తలా 15 వేలు వస్తే సగటు 1,13,500. ఆ పదిమందిలో లక్ష చుట్టుపక్కల సంపాదించేవాళ్లు ఒక్కరూ లేరు, అయినా సగటు మాత్రం లక్ష దాటింది. అందరినీ ఆదాయం ప్రకారం వరుసగా నిలబెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్న ఇంటికి ఎంత వస్తుందో చూస్తే అసలు పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. ఆ అంకె పేపర్ మొదటి పేజీలో రాదు.

జీఎస్‌డీపీ పెరిగిందంటే ఉద్యోగాలు కూడా పెరిగినట్టే కదా?

కాదు. జీఎస్‌డీపీ అంటే ఏడాదిలో రాష్ట్రంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ. ఒక ఎకరం వరి కోత తీసుకోండి. చేత్తో కోస్తే పదిమందికి పైగా ఒక రోజు పని, ఆ తర్వాత కుప్ప వేయాలి, నూర్చాలి. హార్వెస్టర్ దిగితే గంట, గంటన్నరలో ఎకరం అయిపోతుంది, గింజలు నేరుగా ట్రాక్టర్‌లోకి పడతాయి. పండింది అంతే, విలువ అంతే, రైతుకు ఖర్చు కూడా తగ్గొచ్చు. కూలికి వచ్చే పదిమంది బదులు డ్రైవర్, ఇంకొకరు మిగిలారు. మిషన్ వద్దని నేను అనను, కోతల టైమ్‌లో కూలీలు దొరక్క, వాన ముంచుకొస్తుంటే రైతు పడే టెన్షన్ నాకు తెలుసు. కానీ ఆ పదిమందికి వేరే ఎక్కడ పని దొరికింది అనే ప్రశ్నకు జీఎస్‌డీపీ అంకెలో జవాబు ఉండదు.

ఉత్పత్తి ఒక శాతం పెరిగితే ఉపాధి ఎంత శాతం పెరిగిందో చూసే లెక్క ఒకటి ఉంది, పుస్తకాల్లో ఉపాధి వ్యాకోచత్వం అంటారు. నిర్మాణం లాంటి పనుల్లో అది ఎక్కువ, రిఫైనరీ, విద్యుత్ ప్లాంట్ లాంటి వాటిలో చాలా తక్కువ. అందుకే ఎదుగుదల రేటు ఒకటే ఉన్న రెండు రాష్ట్రాల్లో ఉద్యోగాల పరిస్థితి పూర్తిగా వేరుగా ఉండొచ్చు.

నిరుద్యోగం 3 శాతమే అంటున్నారు, మా గల్లీలోనే ఎంతమంది ఖాళీగా తిరుగుతున్నారు. ఎవరిది అబద్ధం?

ఎవరిదీ అబద్ధం కాదు, కొలిచే తీరు అలాంటిది. 2017 నుంచి కేంద్రం పీఎల్ఎఫ్ఎస్ అనే ఉపాధి సర్వే చేస్తోంది. దాని ప్రకారం దేశంలో నిరుద్యోగం 2017-18లో 6 శాతం దాటి ఉంటే 2023-24కి 3.2 శాతానికి దిగింది. అయితే నిరుద్యోగి అని రాయాలంటే ఆ మనిషి పని లేకుండా ఉండాలి, పని కావాలని వెతుకుతూనో సిద్ధంగానో ఉండాలి. అన్న కిరాణా షాపులో జీతం లేకుండా కూర్చునే తమ్ముడు ఆ లెక్కలో పని ఉన్నవాడే. ఇక వారం లెక్క తీస్తే, ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే రాస్తారు.

పేదవాడికి ఖాళీగా కూర్చునే వీలు ఉండదు, దొరికిన పని చేస్తాడు. కొన్నేళ్లు ఇంటి మీద ఆధారపడి నచ్చిన ఉద్యోగం కోసం ఆగగలిగేది డిగ్రీ, బీటెక్ చదివిన పిల్లలే. అందుకే చదువుకున్న యువతలో ఆ శాతం చాలా ఎక్కువ కనిపిస్తుంది, మీ గల్లీలో మీరు చూస్తున్నది వాళ్లనే. దేశంలో పనిచేసేవాళ్లలో నెల జీతం మీద ఉన్నవాళ్లు 2023-24లో 22 శాతం లోపే. నన్నడిగితే నిరుద్యోగం శాతం కంటే ముందు ఈ అంకె చూడాలి.

మాది వికారాబాద్ సార్. పక్కనే రంగారెడ్డి అంత రిచ్, మేమెందుకు ఇట్లా?

2016 అక్టోబర్ దాకా రెండూ ఒకే జిల్లా. విడదీశాక చూస్తే తలసరి ఆదాయంలో రంగారెడ్డి రాష్ట్రంలోనే మొదటి స్థానం, వికారాబాద్ అట్టడుగు వరుసలో, ఇద్దరి మధ్య తేడా సుమారు అయిదు రెట్లు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ రంగారెడ్డి లెక్కలోకి వెళ్లాయి. వికారాబాద్‌కి తాండూరు నాపరాయి గనులు, కంది చేలు, వానాధార పొలాలు మిగిలాయి. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు (ఆ ఊరి పేరు ఆ ప్రాంతం సరుకుకే వాడాలనే హక్కు) వచ్చింది, మంచిదే, కానీ పప్పు మిల్లింగ్, ప్యాకింగ్, బ్రాండ్ దగ్గరే డబ్బు పుడుతుంది, కంది గింజ దగ్గర కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆదాయాన్ని పని జరిగిన చోట లెక్కేస్తారు. వికారాబాద్ నుంచి పొద్దున్నే రైలెక్కి లింగంపల్లిలో దిగి పనిచేసేవాళ్ల శ్రమ రంగారెడ్డి ఖాతాలో పడుతుంది. కాబట్టి తేడా అంకెల్లో కొంచెం ఎక్కువగానే కనిపిస్తుంది, అయినా తేడా మాత్రం నిజం.

## ఏ రంగం ఎంతమందికి పని ఇస్తుంది

ఐటీ ఇంత పెరిగింది అంటారు, మరి మా బ్యాచ్‌లో ఆఫర్లు ఎందుకు రాలేదు?

1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి చూస్తే పెరిగిన మాట నిజం. 2013-14లో తెలంగాణ ప్రాంతం నుంచి ఐటీ ఎగుమతులు 57,258 కోట్లు, ఉద్యోగులు 3.23 లక్షలు. 2023-24కి ఎగుమతులు 2.68 లక్షల కోట్లు, ఉద్యోగులు 9.46 లక్షల దాకా. ఎగుమతులు నాలుగున్నర రెట్లు దాటితే ఉద్యోగాలు మూడు రెట్ల లోపు పెరిగాయి. రూపాయి విలువ తగ్గడం, ధరలు పెరగడం కొంత కారణం, మిగతాది ఒక్కో ఉద్యోగి నుంచి వచ్చే ఆదాయం పెరగడం.

మీ బ్యాచ్ సంగతి అర్థం కావాలంటే ఏడాదివారీగా చూడండి. 2022-23లో ఒక్క ఏడాదిలో 1.27 లక్షల కొత్త ఉద్యోగాలు వచ్చాయి. కరోనా తర్వాత కంపెనీలు ఎగబడి తీసుకున్న సమయం అది. మరుసటి ఏడాది ఎగుమతులు 11 శాతం పెరిగినా చేరిన కొత్త ఉద్యోగాలు 40 వేలకు పడిపోయాయి. ముందు ఏడాది ఎక్కువగా తీసుకున్నవాళ్లతోనే పని నడిపించారు, అమెరికా, యూరప్ క్లయింట్లు ఖర్చు తగ్గించారు. మొదట ఆగిపోయేది ఫ్రెషర్ల రిక్రూట్‌మెంటే. రెండేళ్ల ముందు పుట్టి ఉంటే ఇదే మార్కులతో ఉద్యోగం వచ్చి ఉండేది, కాబట్టి దయచేసి పిల్లలు దీన్ని తమ చేతగానితనంగా అనుకోవద్దు, ఇంట్లోవాళ్లు అసలు అనొద్దు.

చదువుకోనోళ్లకు ఐటీతో ఏం లాభం అన్నా?

లాభం ఉంది, కానీ దానికి భద్రత లేదు. ఒక ఆఫీస్ బిల్డింగ్ చుట్టూ క్యాబ్ డ్రైవర్లు, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, హాస్టళ్లు, టిఫిన్ బండ్లు, ఐరన్ చేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసే అమ్మలు, ఇంతమంది బతుకుతారు. 2020లో అందరూ ఇంటి నుంచి పని మొదలుపెట్టగానే ఐటీ ఉద్యోగి జీతం ఆగలేదు, కంపెనీ ఆదాయం ఆగలేదు, ఎగుమతులు పెరిగాయి కూడా. కానీ మాదాపూర్, కొండాపూర్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, లోన్ మీద కారు కొన్న డ్రైవర్లు ఈఎంఐ కట్టలేక బండి వదులుకున్నారు. అంకెల్లో ఆ రంగం బాగానే ఉంది, దాన్ని నమ్ముకున్న రెండో వరుస మాత్రం కూలిపోయింది.

ఫార్మా కంపెనీలన్నీ మన దగ్గరే ఎందుకు పుట్టాయి?

ప్రభుత్వం పెట్టిన పెట్టుబడి వల్ల. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే కేంద్ర ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ వచ్చింది, మందుల తయారీ చేతికొచ్చిన కెమిస్టులు, ఇంజినీర్లు వందల్లో తయారయ్యారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1999లో బయోటెక్ కంపెనీల కోసం జీనోమ్ వ్యాలీ వచ్చింది, వ్యాక్సిన్ కంపెనీలు కూడా ఇక్కడ పెరిగాయి. ఐడీపీఎల్ నష్టాల్లో పడి మూతపడింది కాబట్టి దండగ అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. అక్కడ నేర్చుకున్న మనుషులు ఒక పరిశ్రమనే నిలబెట్టారు, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ చుట్టూ చిన్న వర్క్‌షాపులు కూడా అట్లాగే పెరిగాయి. ఆ లాభం ఐడీపీఎల్ బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడా కనపడదు.

వ్యవసాయంలో ఏం మిగలదు అంటారు, మరి ఇంతమంది ఇంకా అందులోనే ఎందుకున్నారు?

బయటికి వెళ్లడానికి సరైన దారి లేక. తెలంగాణ ఆదాయంలో వ్యవసాయం, పశువులు, చేపలు అన్నీ కలిపి సుమారు ఆరో వంతు. దాని మీద పనిచేసేవాళ్లు మాత్రం నలభై శాతానికి పైగా. సేవా రంగం లెక్క తిరగబడి ఉంటుంది, ఆదాయంలో మూడింట రెండు వంతులు, పనిచేసేవాళ్లలో మూడో వంతు. అంటే సేవా రంగంలో సగటు మనిషి చేతి నుంచి వచ్చే విలువ, పొలంలో పనిచేసేవాళ్ల కంటే దాదాపు అయిదు రెట్లు.

మామూలుగా దేశాలు ఎదిగిన క్రమంలో పొలం వదిలినవాళ్లు ముందు ఫ్యాక్టరీకి వెళ్లారు. పదో తరగతి చదివినా పని నేర్పి తీసుకునే ఫ్యాక్టరీలు లక్షల్లో ఉద్యోగాలు ఇచ్చాయి. మన దగ్గర ఆ మధ్య మెట్టు సన్నగా ఉంది. పొలం నుంచి నేరుగా సాఫ్ట్‌వేర్‌కి వెళ్లేది కొద్దిమందే, మిగతావాళ్లు పొలం నుంచి సిటీలో వాచ్‌మన్ గదికో, సైట్ మీదికో వస్తున్నారు. టెక్స్‌టైల్స్, ఫుడ్ ప్రాసెసింగ్, ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లాంటివి ఎక్కువమందికి పని ఇస్తాయి. ఐటీ టవర్ వచ్చిందంటే వచ్చే పేరు వీటికి రాదు, కానీ జిల్లాలకు కావాల్సింది ఇవే.

అపార్ట్‌మెంట్లు ముప్పై, నలభై అంతస్తులు లేస్తున్నాయి. అడ్డా మీద మాకు పని ఎందుకు దొరకట్లేదు?

సిటీలో ఏ పెద్ద జంక్షన్ దగ్గరైనా పొద్దున ఏడింటికి నిలబడి చూడండి. తాపీ సంచిలో పెట్టుకున్న మేస్త్రీలు ఒక పక్క, పార, తట్టతో కూలీలు ఇంకో పక్క, చీర మీద పాత షర్ట్ వేసుకున్న ఆడవాళ్లు కొంచెం ఎడంగా. ట్రాలీ ఆగగానే అందరూ చుట్టుముడతారు, బేరం మాట్లాడేది ఒక్కడే, ఎక్కేది ఇద్దరో ముగ్గురో. తొమ్మిదిన్నర దాటితే ఇక ఎవరూ రారు, టిఫిన్ డబ్బా అక్కడే విప్పి తిని ఇంటికి వెళ్లిపోతారు.

పెద్ద టవర్లకు ఈ అడ్డా అవసరం లేదు. అక్కడ కాంట్రాక్టర్ ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి గుంపులుగా తీసుకొచ్చి సైట్‌లోనే షెడ్లు వేసి ఉంచుతాడు, గోడలు కూడా అల్యూమినియం షట్టరింగ్‌తో పోస్తున్నారు కాబట్టి ఇటుక మేస్త్రీ పని తగ్గిపోయింది. అడ్డా మీదివాళ్లకు వచ్చేది సొంత ఇల్లు కట్టుకునేవాళ్ల పని, రిపేర్లు. రిజిస్ట్రేషన్లు మందగించిన ఏడాది, వానలు ఎక్కువైన నెల అవి కూడా ఉండవు. రోజు కూలి 900 అనుకున్నా, నెలలో 14 రోజులే దొరికితే చేతికి 12,600. అందుకే కూలి రేటు ఎంత అని కాదు, నెలకు ఎన్ని రోజులు దొరికింది అని అడగాలి.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో అది కొత్త కార్మిక కోడ్‌లలో కలిసింది. కట్టే ఖర్చు మీద 1 శాతం సెస్ వసూలు చేసి సంక్షేమ బోర్డులో వేస్తారు. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు నమోదు చేసుకోవచ్చు. కార్డు లేకపోతే ప్రమాదం జరిగినా, ఆడపిల్ల పెళ్లైనా ఆ డబ్బు మీకు రాదు, మీ పేరు మీద వసూలైన డబ్బే అది. దయచేసి కార్డు తీసుకోండి, రెన్యువల్ మర్చిపోవద్దు.

## పని దొరికాక

నాది ఏజెన్సీ కింద హౌస్‌కీపింగ్ జాబ్. పీఎఫ్, ఈఎస్ఐ నాకు ఉంటాయా?

ఉండాలి. ఈఎస్ఐ పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట, నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. మీ జీతంలో 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. పీఎఫ్ ఇరవైమంది ఉన్న చోట, మీ వాటా 12 శాతం. పే స్లిప్ తీసి చూడండి. అందులో కట్ అయినట్టు ఉంటే సరిపోదు, మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్‌తో పాస్‌బుక్ తెరిచి నెలనెలా జమ అయిందో లేదో చూసుకోవాలి. స్లిప్‌లో కోత పడి, పాస్‌బుక్‌లో జమ కాని కేసులు నా దగ్గరికి వచ్చాయి, ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త నంబర్ తీసి పాతది వదిలేసిన కేసులూ ఉన్నాయి. ఏజెన్సీ కట్టకపోతే పని చేయించుకుంటున్న అసలు కంపెనీకి కూడా చట్టప్రకారం బాధ్యత ఉంది, అది చాలామందికి తెలియదు.

ఫుడ్ డెలివరీ, బైక్ ట్యాక్సీ కూడా ఉద్యోగమేనా?

సర్వే లెక్కల్లో ఉపాధి. చట్టం దృష్టిలో మొన్నటిదాకా ఏమీ కాదు, ఉద్యోగి కాదు, కూలీ కాదు, పార్ట్‌నర్ అన్నారు. 2020 సామాజిక భద్రత కోడ్‌లో మొదటిసారి గిగ్ వర్కర్ (ఉద్యోగం కాకుండా పనికింత లెక్కన చేసేవాళ్లు) అనే మాట వచ్చింది, అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోండి.

పెట్రోల్, బండి అరుగుదల, ఫోన్ డేటా, చలాన్లు తీసేశాక చేతిలో మిగిలిందే ఆదాయం. యాప్‌లో కనపడే అంకె ఆదాయం కాదు. ఇంకే పనీ దొరకనప్పుడు ఈ పని ఆదుకుంటుంది, నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ మూడేళ్ల తర్వాత కూడా మొదటి రోజు రేటే, ఒక్కోసారి అంతకంటే తక్కువ.

ఆడవాళ్ల ఉపాధి బాగా పెరిగింది అంటున్నారు, నిజమేనా?

అంకె నిజం. దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్న లేదా పని వెతుకుతున్నవాళ్లు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పెరుగుదలలో ఎక్కువ భాగం పల్లెల్లో, సొంత పొలంలో, ఇంటి పనిలో, చాలాసార్లు జీతం లేకుండా. ఇన్నాళ్లూ లెక్కకు రాని శ్రమ లెక్కలోకి రావడం మంచిదే, కానీ ఆ అమ్మ చేతికి డబ్బు వచ్చిందా అంటే అది వేరే ప్రశ్న. పాతబస్తీలో ఇళ్లలో కూర్చుని లక్క గాజులకు రాళ్లు అద్దేవాళ్లు, జర్దోసీ కుట్టేవాళ్లు చూడండి. ఆ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అద్దే చేతులకు వచ్చేది మాత్రం ఇప్పటికీ డజన్ లెక్కన, దళారీ ఎంత చెప్తే అంత.

గవర్నమెంట్ జాబ్ కోసం ఇంకెన్నేళ్లు ఆగమంటారు?

2022లో నోటిఫికేషన్ వచ్చిన గ్రూప్-4లో సుమారు 8 వేల పోస్టులకు 9 లక్షలకు పైగా దరఖాస్తులు. వందమందికి పైగా పోటీ పడితే ఒకరికి. నా స్టూడెంట్స్‌కి నేను చెప్పేది, చదవండి, కానీ ఏ ఏడాదికి ఆపాలో చదువు మొదలుపెట్టిన రోజే రాసి పెట్టుకోండి, పక్కన చిన్నదైనా జీతం వచ్చే పని ఉంచుకోండి. ఇంత పోటీ ఎందుకంటే ప్రైవేట్‌లో 15 వేల ఉద్యోగానికి భద్రత లేదు, పెన్షన్ లేదు, సెలవు అడిగితే వేరేవాళ్లను పెట్టుకుంటారు. ప్రైవేట్ ఉద్యోగం మర్యాదగా ఉంటే సగంమంది ఈ లైన్‌లో నిలబడరు.

బయటి రాష్ట్రాలవాళ్లు వచ్చి మన పనులు లాక్కుంటున్నారు కదా?

కొన్ని పనుల్లో రేటు తగ్గడానికి అది కారణం కావొచ్చు, కానీ వాళ్లను తక్కువకు తీసుకొచ్చి పెట్టేది కాంట్రాక్టర్. మనవాళ్లు కూడా తరతరాలుగా అట్లా వెళ్లినవాళ్లే, పాలమూరు లేబర్ కట్టని డ్యామ్ దేశంలో ఎక్కడుంది? కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు ఎంతమంది? 2020 లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకి వెళ్లింది, 1,200 మందితో. సంగారెడ్డి దగ్గర కంది అనే ఊళ్లో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు వాళ్లు, జీతాలు రాక రోడ్డెక్కినవాళ్లు. ఇద్దరికీ ఒకే కనీస కూలి గట్టిగా అమలు చేస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు.

## సర్కారు డబ్బు, సంక్షేమం

ఐటీ ఎగుమతుల డబ్బు మన ఖజానాకి వస్తుందా?

నేరుగా రాదు. ఎగుమతుల మీద జీఎస్టీ పడదు. ఉద్యోగి ఇన్‌కమ్ ట్యాక్స్, కంపెనీ ట్యాక్స్ ముందు ఢిల్లీకి వెళ్తాయి. 2021-26కి 15వ ఆర్థిక సంఘం వేసిన లెక్కలో, పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ, అందులో తెలంగాణకి 2.102 శాతం. మరి రాష్ట్రానికి ఎట్లా వస్తుందంటే, ఆ జీతం ఇక్కడ ఖర్చయినప్పుడు. ఫ్లాట్ రిజిస్ట్రేషన్, బండి లైఫ్ ట్యాక్స్, పెట్రోల్ మీద వ్యాట్, హోటల్ బిల్లు మీద జీఎస్టీలో రాష్ట్ర వాటా, మద్యం. మద్యం ఆదాయం మీద ప్రభుత్వం ఇంతగా ఆధారపడటం నాకు అస్సలు నచ్చదు, అది ఒక ఇంటి సంక్షేమం తీసి ఇంకో ఇంటికి ఇవ్వడమే, చాలాసార్లు అదే ఇంటికి.

ఫ్రీ బస్సు, రైతు భరోసా, ఇవన్నీ డబ్బులు దండగే కదా?

అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం. నెలకు 9, 10 వేల జీతానికి ఇళ్లలో, షాపుల్లో పనిచేసే ఆమెకు బస్ పాస్ డబ్బు మిగలడం చిన్న విషయం కాదు, రెండు బస్సులు మారాల్సిన చోట పనికి కూడా ఇప్పుడు వెళ్లగలుగుతోంది. నా దృష్టిలో అది ఉపాధి మీద పెట్టిన ఖర్చే. బస్సులు చాలినన్ని పెంచలేదు, ఆటో అన్నల గిరాకీ పడిపోయింది, ఆ రెండూ నిజమే, వాటికి విడిగా సాయం ఉండాలి.

2018లో మొదలైన రైతుబంధు భూమి ఉన్నవాళ్లకు ఎకరాల లెక్కన వచ్చింది. ఎక్కువ భూమి ఉంటే ఎక్కువ డబ్బు, కౌలు రైతుకు సున్నా. 2025 జనవరిలో మొదలైన రైతు భరోసాలో ఎకరాకు ఏడాదికి 12 వేలు. దానితో పాటు భూమిలేని కూలీలకు ఏడాదికి 12 వేల పథకం ప్రకటించడం నా లెక్కలో పెద్ద మార్పు. అది అర్హులందరికీ అందాలి, కౌలు రైతు సంగతి కూడా తేల్చాలి.

ఆదాయం పెరిగితే ఆరోగ్యం, తిండి వాటంతటవే బాగుపడతాయి కదా?

కొన్ని బాగుపడ్డాయి. ఆరోగ్యం, చదువు, ఇంటి వసతులు కలిపి చూసే నీతి ఆయోగ్ బహుముఖ పేదరికం లెక్కలో తెలంగాణ 2015-16లో 13.18 శాతం నుంచి 2019-21లో 5.88 శాతానికి దిగింది. అవే సంవత్సరాల్లో, అవే కుటుంబ ఆరోగ్య సర్వేల్లో, అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 28 నుంచి 33 శాతానికి పెరిగారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 57 శాతం దగ్గరే ఉండిపోయింది. ఐటీ బాగా పెరిగిన అవే ఏళ్లు ఇవి. సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లకు రక్తం చాలని రాష్ట్రం తలసరి ఆదాయంలో ముందుంది అంటే నాకు మనసొప్పదు.

ఇంటికి డబ్బు వస్తే బైక్, ఫోన్, ప్రైవేట్ స్కూల్ ఫీజు ముందు వెళ్తాయి. అంగన్‌వాడీలో గుడ్డు రోజూ అందడం, ఏఎన్ఎం ఇంటికి రావడం, మంచినీళ్లు, డ్రైనేజీ, ఇవి సర్కారు చేస్తేనే అవుతాయి. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు అందుకే నాకు ఇష్టం, జ్వరానికి 500 కన్సల్టేషన్ మిగిలితే ఆ వారం ఇంట్లో కూరగాయలు వస్తాయి.

ఫ్యాక్టరీల కాలుష్యం, ప్రమాదాలు జీడీపీలోంచి తీసేస్తారా?

తీయరు. పటాన్‌చెరు వైపు నక్కవాగు నీళ్లు పాడైతే జీడీపీ తగ్గదు, ఆ ఊళ్లవాళ్లు నీళ్ల ట్యాంకర్లు కొంటే, ఆసుపత్రి బిల్లులు కడితే పెరుగుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా ప్లాంట్ పేలి నలభైమందికి పైగా కార్మికులు చనిపోయారు, చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. ఆ త్రైమాసికం ఎదుగుదల రేటులో వాళ్లు ఎక్కడా కనపడరు. ఫ్యాక్టరీ కావాలా వద్దా అని కాదు నేను అడిగేది, ఇన్‌స్పెక్షన్ జరిగిందా, కాంట్రాక్ట్ కూలీ పేరు రిజిస్టర్‌లో ఉందా అని.

## ఇంట్లో నిర్ణయం తీసుకునేటప్పుడు

మా బాబు డిగ్రీ అయిపోయింది. ఏ లైన్‌లో పెట్టమంటారు?

పేరున్న రంగం అని కాదు, అతని చదువుకు ఆ రంగంలో ఎన్నో మెట్టు మీద పని దొరుకుతుందో చూడండి. బీఎస్సీ కెమిస్ట్రీ అయితే ఫార్మాలో క్వాలిటీ కంట్రోల్ వైపు నిజంగా అవకాశాలు ఉన్నాయి. బీకామ్ పిల్లలు జీఎస్టీ, అకౌంట్స్ ప్రాక్టికల్‌గా నేర్చుకుంటే చిన్న కంపెనీల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అమీర్‌పేట్‌లో కోర్స్ ఫీజు కట్టేముందు, ప్లేస్‌మెంట్ వచ్చింది అని చూపించే పిల్లల్లో ఇద్దరితో అయినా ఫోన్‌లో మాట్లాడండి.

ఏఐ వచ్చి ఉద్యోగాలన్నీ పోతాయా?

అన్నీ పోవు. మొదట దెబ్బ పడేది రిపీట్‌గా చేసే పనుల మీద, టెస్టింగ్, కాల్ సెంటర్, డేటా ఎంట్రీ, అంటే సరిగ్గా ఫ్రెషర్లు మొదలుపెట్టే మెట్టు మీద. కాబట్టి కోడింగ్ ఒక్కటే కాకుండా ఏదో ఒక రంగం పని, బ్యాంకింగో, ఆసుపత్రి లెక్కలో, లోతుగా తెలిసి ఉండటం మంచిది.

కొత్త కంపెనీ వస్తోంది, 5 వేల ఉద్యోగాలు అని హెడ్డింగ్ వచ్చింది. నమ్మొచ్చా?

హెడ్డింగ్ చూసి స్థలం కొనడం, పిల్లాడిని చదువు మాన్పించడం చేయొద్దు. మొదట అది ఒప్పందమా, పనులు మొదలయ్యాయా చూడండి. ఒప్పందం అంటే ఉద్దేశం చెప్పడం మాత్రమే. తర్వాత పెట్టుబడిని ఉద్యోగాలతో భాగించండి. వెయ్యి కోట్లకు 5 వేలమంది అంటే ఒక్కో ఉద్యోగానికి 20 లక్షల పెట్టుబడి, ఫ్యాక్టరీకి అది జరిగే పనే. డేటా సెంటర్ అయితే వేల కోట్లు పెట్టినా లోపల పనిచేసేవాళ్లు కొన్ని వందలే, కట్టేటప్పుడు మాత్రం కొన్నాళ్లు ఎక్కువ పని ఉంటుంది. 5 వేలలో నేరుగా ఇచ్చేవి ఎన్ని, పరోక్షం అని కలిపినవి ఎన్ని, కంపెనీ రోల్ మీద ఎన్ని, కాంట్రాక్ట్ ఎన్ని అని అడగండి. భూమి, కరెంట్, పన్ను రాయితీ ఏం ఇస్తున్నారో, ఉద్యోగాలు ఇవ్వకపోతే అది వెనక్కి తీసుకునే షరతు ఉందో లేదో జీవోలో ఉంటుంది. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.